పెరటి కోళ్ళ లెక్క

మన హోసూరు ప్రాంతమున పెరడు గల యే యింటికైనను వెళ్ళి, "అమ్మా, మీకు కోళ్ళెన్ని?" అని యడిగి చూడుడు. సూటియైన ప్రత్యుత్తరము దొరకదు. "ఏదో నాలుగుండాయి అయివారూ" అని యొక తల్లి చెప్పును. ఆ నాలుగును గంప చాటునుండియు, కట్టెల మోపు వెనుకనుండియు, దడి సందునుండియు ఒకదాని వెంట నొకటి బయలుదేరి వచ్చుచుండగా చూచినచో పదునెనిమిదికో యిరువదికో తేలును. "లెక్క పెడితే దిష్టి తగులుతుంది, పెట్టొద్దు" అని మరియొక తల్లి గట్టిగా వారించును. ఇట్టి తల్లులను ఒప్పించి లెక్క వ్రాసికొన్న గణకుల యోర్పును మెచ్చుకొనవలయును. ఏలయన 2019వ సంవత్సరమున జరిగిన 20వ పశుగణన ప్రకారము మన దేశమున పెరటి కోళ్ళు మొదలగు పక్షుల సంఖ్య సుమారు 31 కోట్ల 70 లక్షలు. అది 2012 నాటి గణనకంటె సుమారు నూటికి 46 వంతులు అధికము. అదే కాలమున పెద్ద పెద్ద షెడ్లలో వ్యాపారమునకై పెంచు కోళ్ళు నూటికి 5 వంతులైనను పెరుగలేదు!

ఈ పెరుగుదల యంతయు ప్రభుత్వ పథకముల ఫలమే యని యెవరైన ననినచో నేను పూర్తిగా నంగీకరింపను. కోళ్ళు పెంచువారి మనస్సులోనే యొక విచిత్రమైన లెక్క గలదు. ఆ లెక్కలో కూడికయు గుణకారమును గలవు గాని తీసివేత లేదు. మన పాఠశాలలో తీసివేత రాని బాలురకు మార్కులు తగ్గింతుము. వారి యిండ్లలో నదే గణితము ప్రతిదినము విజయవంతముగా సాగుచుండుట మనకు తెలియదు.

ఆరంభ మెప్పుడును నిరపాయముగనే యుండును. "పిల్లోనికి దినానికొక గుడ్డు ఉంటే చాలు" అని రెండు పెట్టలను తెత్తురు. రెంటికి తోడుగా ఒక పుంజు. పుంజు లేకున్నను పెట్ట గ్రుడ్లు పెట్టుననియు, ఆ గ్రుడ్లు పిల్లలగుటకు మాత్రమే పుంజు కావలయుననియు విద్యార్థులైన మీరు జీవశాస్త్రమున చదివియే యుందురు. కాని పుంజు లేని పెరడు పెరడు కాదని మన వారి నమ్మకము. అటుపై నొకనాడు పెట్ట గ్రుడ్లు పెట్టుట మానివేసి, ఈకలు నిక్కబొడుచుకొని, గూటిలోనుండి లేవక, చేయి చాపినచో పొడుచును. దానికి పొదుగు వచ్చినదన్నమాట. ఎట్లును అది గ్రుడ్లు పెట్టదు. ఊరక కూర్చుండనేల యని దాని క్రింద పది పండ్రెండు గ్రుడ్లు పెట్టుదురు. 21 దినములు గడచును. 22వ దినమున పెరటిలో పసుపు రంగు, నలుపు రంగు బంతులు దొరలుచుండును. ఆ దృశ్యమును చూచి కరగని హృదయమున్నచో అది గ్రద్ద హృదయమై యుండవలయును.

ఇపుడు పై తరగతుల విద్యార్థులు పలక తీసికొనుడు. నాటుపెట్ట యేడాదికి మూడు మారులు పొదిగిన దనుకొందము. మారు కెనిమిదేసి పిల్లలు లేచి, వానిలో సగము గ్రద్దకును, పిల్లికిని, ముంగిసకును, రాత్రి చలికిని పోగా నాలుగు మిగిలిన వనుకొందము. ఏడాదికి పండ్రెండు. సగము పెట్టలు, సగము పుంజులు. అనగా ఒక పెట్టకు ఏడాది ముగియుసరికి తానును ఆరుగురు కూతుండ్రును గలసి 7 పెట్టలు. రెండవ యేడు 49. మూడవ యేడు 343. నాలుగవ యేడు ఎన్నియో మీరే కట్టుడు. ఇదంతయు కాగితముపై మాట. ఏ పెరటిలోనైనను 343 పెట్టలు నేను చూడలేదు. కాని కోళ్ళు పెంచు ప్రతి తల్లి మనస్సులోను ఈ కాగితము మడతపెట్టి యున్నది. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్న సామెత చెప్పిన వారిని ఆమె లక్ష్యపెట్టదు. ఆమె పెట్ట అప్పటికే గ్రుడ్లపై కూర్చున్నది గదా!

ఇది మన పల్లెటూళ్ళ వెఱ్ఱి మాత్రమే యని తలంచి సిగ్గుపడవలసిన పని లేదు. 1849వ సంవత్సరము నవంబరు నెలలో అమెరికాలోని బోస్టను నగరమున ఒక కోళ్ళ ప్రదర్శనము జరిగినది. వేయికి పైగా పక్షులు వచ్చినవి. చూడవచ్చిన జనమునకు లెక్క లేదు. చీనా దేశపు రేవులనుండి ఓడలలో వచ్చిన పెద్ద పెద్ద కోళ్ళను చూచి పెద్దమనుష్యులకు మతి పోయినది. వకీళ్ళును, వైద్యులును, మతాచార్యులును ఎగబడి కొనిరి. ధరలు ఆకాశము నంటినవి. ఆ వ్యాపారమున ఆరితేరిన జార్జి బర్న్‌హాం అనునతడు 1852లో విక్టోరియా రాణికి కోళ్ళను కానుకగా పంపి, ఆ కీర్తితో తన కోళ్ళ వెల మరింత పెంచుకొనెను. అవి షాంఘై మార్గమున వచ్చినవే యైనను వానికి మన బ్రహ్మపుత్రా నది పేరు తగిలించిరి. ఈనాటికిని ఆ జాతి పేరు 'బ్రహ్మ'. వెఱ్ఱి చల్లారిన పిమ్మట 1855లో అతడే 'కోళ్ళ జ్వర చరిత్ర' యను నర్థము వచ్చు పేరుతో గ్రంథము వ్రాసి, కొన్నవారిని చూచి నవ్వెను. అమ్మినవాడే నవ్వుట నాకు రుచింపలేదు. అయినను పేరు మాత్రము చక్కగా కుదిరినది, అది జ్వరమే.

నేటి అమెరికా వారు దీనికి 'చికెన్ మ్యాథ్' అని పేరిడిరి. మూడు పిల్లలు కొనుటకై అంగడికి పోయి పండ్రెండింటితో తిరిగి వచ్చుట, ఇంటిలో అడిగినవారికి "ఎనిమిదే" యని చెప్పుట, చిన్న జాతి కోడిని అర కోడిగా లెక్కించుట — ఇట్టివి ఆ గణితమున సూత్రములట. 1918 మొదలుకొని ఆ దేశమున ఒకనాటి వయస్సు గల కోడిపిల్లలను తపాలాలో పంపుచున్నారు. అంత చిన్న పిల్లలు దారిలో చలికి చావకుండ ఒండొంటి వేడితో బ్రతుకవలయును గనుక, పెట్టెకు ఇన్ని పిల్లలకు తక్కువ పంపరాదను నియమము చాల చోట్ల గలదు. ఆరు కావలసినవాడు పదునైదు కొనక తప్పదు. 2020లో మహమ్మారి వచ్చి జనులు ఇండ్లలో చిక్కువడినపుడు అక్కడి పిల్లల కేంద్రములలో సరకు నిండుకొనినది. భయము కలిగినపుడు మనుష్యుడు కోడిని వెదకుకొనును కాబోలు.

మరి పెరిగిన కోళ్ళు తరుగ వెందులకు? అమ్మవచ్చును, తినవచ్చును. మోపెడునకు రెండు ప్రక్కల బుట్టలు కట్టుకొని వ్యాపారి వారమున కొకమారు వీధిలోనికి రానే వచ్చును. కాని అమ్మదలచిన కోడిని పట్టుకొనుటకు పోయినపుడే చిక్కు వచ్చును. నల్లది మొదటి పెట్ట, దానిని అమ్మరాదు. బొల్లిది మంచి తల్లి, ఎనిమిది పిల్లలను లేపినది. బోసిమెడది పుట్టింటినుండి వచ్చినది. కుంటిదానిని కొనువాడు లేడు. ఎఱ్ఱ పుంజు ఊరమ్మకు మ్రొక్కుకొన్నది, జాతర వచ్చువరకు దానిపై చేయి వేయరాదు. ఇంకొకటి ఉగాది మరునాటికని యుంచినది. ఉగాది వచ్చును, అల్లుడు రాడు, పుంజు బ్రతికి పోవును. చిన్నకూతురు పేరు పెట్టిన పిల్లను గూర్చి చెప్పనే యక్కరలేదు. పేరు పెట్టిన కోడిని కోసిన యింట మూడు దినములు పిల్లలు అన్నము తినరు. తుదకు వ్యాపారి ఉత్త బుట్టలతో పోవును. కొన్ని వేళల పోవుచు పోవుచు "అక్కా, మంచి గిరిరాజ పిల్లలుండాయి, రెండు పెట్టుకో" యని తానే రెండు పిల్లలను అంటగట్టి పోవును! ఈ గిరిరాజ బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము వారు పెరటి పెంపకమునకై రూపొందించిన జాతి. హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన సంస్థ వారి వనరాజయు అట్టిదే. రాజులిద్దరును మన పెరళ్ళలోనికి వచ్చిరి గాని రాజ్యము మాత్రము నాటుపెట్టదే. ఏలయన పొదుగుట దానికే బాగుగ తెలియును.

ఇంతవరకు నవ్వుకొంటిమి. ఇక నాకు తోచిన సంగతి చెప్పెదను.

పెరడు కోళ్ళకు పెట్టు మేత యెంతయో అంతే. మిగిలిన రాగిముద్ద, చెరిగినపుడు రాలిన నూకలు, కళ్ళములో రాలిన గింజలు, పెంటదిబ్బలోని పురుగులు, వాన పడిన మరునాటి ఉసుళ్ళు — వీనితో అయిదారు పెట్టలు హాయిగా బ్రతుకును. ఆ అయిదారింటి గ్రుడ్లును ఖర్చు లేని గ్రుడ్లు. కాని పదునొకండవ పెట్ట మొదటి పెట్ట వంటిది కాదు. దానికి వేరే ఉసుళ్ళు పుట్టవు. అది ముందున్న పదింటి నోటిలోనిదే తినును. అప్పుడు గ్రుడ్లు పెరుగుటకు మారుగా తగ్గును. తగ్గినవి గదా యని ఇంకను రెండు పెట్టలను విడుతురు. గ్రుడ్లు పెట్టు పెట్టకు పూర్తిగా మేత పెట్టినచో దినమునకు సుమారు 100 గ్రాములు కావలయును. ఇరువది పెట్టలకు దినమునకు 2 కిలోలు, నెలకు 60 కిలోలు. ఒక సంసారము నెలకు తిను రాగులకు ఇది తక్కువ కాదు. రాగులు పండించుకొనువారి యింట ఈ వ్యయము కంటికి కనబడదు. బస్తా తనంతట తాను తరుగుచున్నట్లుండును. నింద ఎలుకలపై పడును.

అంతకంటె విచారింపదగిన విషయము మరియొకటి గలదు. పెట్టలను తెచ్చినది పిల్లవాని గ్రుడ్డునకు గదా. నాటుపెట్ట యేడాదికి 60 మొదలు 80 వరకు గ్రుడ్లు పెట్టును. మూడు మారులు పొదిగించినచో ముప్పదియో అంతకు మించియో గ్రుడ్లు గంప క్రిందికే పోవును. మిగిలినవానిలో కొన్ని అంగడికి పోవును. ఇరుగు పొరుగువారు పొదిగించుకొనుటకై మరికొన్ని అడిగికొని పోవుదురు. పిల్లవాని కంచమునకు వచ్చున దేమి? తమిళనాట పాఠశాలలలో 2010 మొదలుకొని వారమున కైదు దినములు మధ్యాహ్న భోజనములో గ్రుడ్డు పెట్టుచున్నారు. ఇంట ఇరువది కోళ్ళు గల బాలుడు బడిలో నామక్కలు షెడ్ల గ్రుడ్డు తిని, ఇంటికి పోయి కోళ్ళకు రాగులు చల్లుచున్నాడు. సెలవు దినములలో అతనికి అదియును లేదు. తల్లులారా, మీపై నాకు గల ఫిర్యాదు ఇది యొక్కటియే. కోళ్ళను ఎన్ని యుంచుకొనవలయునో చెప్పుటకు నేనెవడను? కాని పిల్లవాని గ్రుడ్డును ముందుగా తీసిపెట్టి, పొదుగు గ్రుడ్లను తరువాత లెక్కింపుడు.

ఇంటి మగవారు ఈ మాట విని "చూచితివా, అయివారే చెప్పిరి" యని భార్యలపై విరుచుకొని పడుదురేమో! వారికిని ఒక మాట చెప్పవలసి యున్నది. పొలము మీ పేర నున్నది. పట్టా మీ పేర నున్నది. పాల డబ్బు పెక్కిండ్లలో మీ చేతికే వచ్చును. కోడియొక్కటియే ఆమెది. దానిని కొనుటకు ఎవరి సంతకమును అక్కరలేదు, అమ్ముటకు ఎవరి యనుమతియు అక్కరలేదు. నోటు పుస్తకమునకు, జ్వరపు మందునకు, చెల్లెలి సీమంతమునకు పోవు బస్సు చార్జీకి ఆమె మిమ్ములను చేయి చాపి యడుగకుండుటకు కారణము ఆ కోళ్ళే. చీటి పాటలో ఆమె కట్టు వంతు గ్రుడ్ల డబ్బే. తన కున్న ఒక్క ఆస్తిని పెంచుకొనవలయునని యెవరికి నుండదు? ఎకరము పోయి రెండెకరములైనచో మిమ్ములను సమర్థులందురు. పది కోళ్ళు ఇరువదియైనచో ఆమెను చూచి నవ్వుదురు. పైగా నవ్వునప్పుడు మీ విస్తరిలో నున్నది ఆమె పుంజే!

పొరుగువారి విషయము సంక్షేపముగా చెప్పెదను. మన వీధులలో తెలుగువారును, కన్నడిగులును, తమిళులును కలసి కాపురముందురు. మనము కోడి యందుము. కన్నడిగులు కోళి యందురు. తమిళులును కోళియే యందురు గాని ఆ ళకారమును నాలుక మడచి వేఱుగా పలుకుదురు. పేరు ఏదియైనను పొరుగింటి మెంతికూర మడిలో అది గీరు తీరు ఒక్కటే. ఆ గీరుట వలన పుట్టు తగవు మూడు భాషలలోను ధారాళముగా సాగును; మన బాలురకు భాషలు ఇంత చక్కగా వచ్చుటకు అదియు నొక కారణమని నా యనుమానము. హోసూరు పట్టణము పెరిగి పెరళ్ళు కుంచించుకొని పోవుచున్న ఈ దినములలో మిద్దెపై కోళ్ళ గూడు కట్టువారు తెల్లవారుజామున మూడు గంటలకు పనినుండి వచ్చి పండుకొను కార్మికుని కూడ తలచుకొనుట మంచిది.

ఇక మిగిలినది ఆ లెక్కలో లేని తీసివేత. కోళ్ళవారు తీసివేయకున్న ప్రకృతి తానే తీసివేయును. మన వారు కొక్కెర తెగులనియు, తమిళులు వెళ్ళైక్కళిచ్చల్ అనియు పిలుచు రోగమును శాస్త్రజ్ఞులు రాణీఖేత్ వ్యాధి యందురు. కుమావూ కొండలలోని రాణీఖేత్ అను ఊర 1920ల తుదిలో దానిని మన దేశమున గుర్తించుటచే ఆ పేరు వచ్చినది. కోడి తూలును, మెడ మెలి తిరుగును, నోరు తెరచి ఊపిరి పీల్చును, పచ్చగా పారును. టీకా లేని మందలో ప్రవేశించినచో నూటికి తొంబది పోవుట యరుదు కాదు. వచ్చిన తరువాత మందు లేదు. గూడు ఇరుకై కోళ్ళు ఒకదానిపై నొకటి కూర్చుండు నింట అది మరింత త్వరగా ప్రాకును. సంతనుండి తెచ్చిన క్రొత్త కోడిని రెండు వారములు వేరుగా నుంచకుండ మందలో కలుపు నింటికి అది పిలువకయే వచ్చును. 2006వ సంవత్సరము ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూరున పక్షిజ్వరము మన దేశమున మొదటిమారు బయటపడినపుడు, షెడ్లలోని కోళ్ళతోపాటు చుట్టుప్రక్కల పెరటి కోళ్ళను కూడ చంపవలసి వచ్చినది. అట్టి దినమున పది కోళ్ళు గల తల్లి పదింటికి ఏడ్చును. అప్పు చేసి మేత కొని నలుబది పెంచిన తల్లి అప్పునకును ఏడ్చును.

రాణీఖేతునకు టీకా కలదు. పిల్ల పుట్టిన వారము లోపల కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క. సుమారు రెండు నెలల వయస్సున ఒక సూది. ప్రభుత్వ పశువైద్యశాలలలో అడుగవచ్చును. తమిళనాట ఫిబ్రవరి నెలలో ఇందులకై ప్రత్యేక శిబిరములు జరుపుట కలదు. మన ప్రక్కనే మత్తిగిరిలో 1824 నాటి పశుక్షేత్రమును, కోళ్ళ పెంపకమునకే యేర్పడిన కళాశాలయు నున్నవి. సలహా కొఱకు దూరము పోనక్కరలేదు. చిక్కు ఒక్కటియే. ఆ మందు నూరు కోళ్ళకో రెండు వందల కోళ్ళకో సరిపోవు సీసాలలో వచ్చును. కలిపిన పిమ్మట రెండు గంటలలో వాడవలయును, మంచులో నుంచవలయును. పండ్రెండు కోళ్ళు గల యిల్లు సీసా తెచ్చుకొని మిగిలినది పారబోయుటకు మనసొప్పక అసలే తెచ్చుకొనదు. కనుక వీధికంతటికిని ఒక సీసా తెచ్చుట మేలు. ఏ యింట ఎన్ని కోళ్ళున్నవో మన తొమ్మిదవ తరగతి విద్యార్థులు ఒక సాయంకాలము పట్టిక వ్రాయవచ్చును. దిష్టి భయము గల యిండ్లలో కోళ్ళకు మారుగా గూటి యెదుట గులకరాళ్ళు పెట్టుడని చెప్పి, రాళ్ళను లెక్కించుకొనవచ్చును. తెల్లవారుజామున, కోళ్ళను గూటినుండి విడువక మునుపే, ఇల్లిల్లు తిరిగి రెండు గంటలలో పని ముగింపవచ్చును.

ఒక వీధిలో ఇట్లు చేసినపుడు ఎనిమిది యిండ్లకు గలసి తొంబదికి లోపుగా కోళ్ళు తేలినవి. చివరి యింటి అవ్వ తన పదునాలుగింటికిని చుక్కలు వేయించి, సీసాను వెలుతురునకెత్తి చూచి, "ఇంగా ఉండాది కదా నాయనా, దీనికి ఎన్ని పిల్లలు పడతాయి?" అని యడిగెను.